డేటా బదిలీ వేగాల కొలమానాలను మార్చుకోవడం: సమగ్ర మార్గదర్శి

గిగాబిట్ ఈథర్‌నెట్ కేబుల్‌తో కలిపిన రెండు కంప్యూటర్ల మధ్య ఒక పెద్ద ఫైలును పంపుతున్నామనుకుందాం. నెట్‌వర్క్ కార్డు వివరాల్లో వేగం 1000 అని ఉంటుంది. వేగాన్ని కొలిచే సాధనం 941 అంటుంది. ఫైలు ఎన్ని బైట్లు ఉందో చూసి, దాన్ని పట్టిన సెకన్లతో భాగిస్తే 117.7 వస్తుంది. కాపీ జరుగుతున్నంతసేపూ తెర మీద మాత్రం 112 కనిపిస్తూ ఉంటుంది. ఈ నాలుగు సంఖ్యలూ సరైనవే, నాలుగూ ఒకే బదిలీ గురించి చెబుతున్నవే. ఒకదాని నుంచి మరొకదానికి ఎలా వెళ్లాలో తెలియనప్పుడు మాత్రం కేబుల్‌లో లోపం ఉందనో, స్విచ్ పాడైందనో అనుమానం మొదలవుతుంది.

వేగాల మార్పిడిలో గణితం కష్టమైనది కాదు. గుణకారం, భాగహారం వస్తే చాలు. తప్పులు జరిగేది లెక్క మొదలుపెట్టడానికి ముందే. ఎదురుగా ఉన్న సంఖ్య గురించి మూడు ప్రశ్నలు వేసుకోవాలి: అది బిట్లలో ఉందా, బైట్లలో ఉందా? అందులోని కిలో, మెగా, గిగా అనే పూర్వపదాలు వెయ్యి ప్రకారం లెక్కించినవా, 1024 ప్రకారం లెక్కించినవా? ఆ వేగాన్ని తీగ దగ్గర కొలిచారా, ప్రోగ్రాముకు డేటా అందిన చోట కొలిచారా? ఈ మార్గదర్శిలోని దశలన్నీ ఈ ప్రశ్నలకు జవాబు రాబట్టడానికే.

మొదటి దశ: బిట్టా, బైటా తేల్చుకోవడం

ఒక బైటుకు 8 బిట్లు. పాతకాలపు కంప్యూటర్లలో కొన్నింటిలో బైటు పరిమాణం వేరుగా ఉండేది కాబట్టి నెట్‌వర్క్ ప్రమాణపత్రాలు ఇప్పటికీ అనుమానానికి తావు లేకుండా ఆక్టెట్ అనే మాటనే వాడతాయి. ఈనాటి లెక్కల్లో ఆక్టెట్, బైటు ఒక్కటే అనుకోవచ్చు.

ఇంగ్లిష్ సంక్షిప్త రూపాల్లో చిన్న బీ బిట్‌ను, పెద్ద బీ బైటును సూచిస్తాయి. ఎనిమిది రెట్ల తేడా ఒక్క అక్షరం పరిమాణం మీద ఆధారపడి ఉందన్నమాట. తెలుగులో రాసేటప్పుడు ఆ ఆనవాలు కూడా మిగలదు. రెండింటినీ ఎంబీ అనే రాస్తాం. అందువల్ల లెక్క వేసుకునే కాగితం మీదైనా, ఇతరులకు పంపే నివేదికలోనైనా మెగాబిట్, మెగాబైట్ అని పూర్తిగా రాయడం మంచిదని నా అభిప్రాయం. ఈ వ్యాసంలో ఎంబీపీఎస్ అని రాసిన ప్రతిచోటా సెకనుకు మెగాబిట్లు అని, జీబీపీఎస్ అని రాసిన ప్రతిచోటా సెకనుకు గిగాబిట్లు అని అర్థం చేసుకోవాలి.

సంఖ్య పక్కన స్పష్టత లేకపోతే సందర్భాన్ని బట్టి ఊహించవచ్చు. ఇంటర్నెట్ కనెక్షన్లు, స్విచ్‌లు, రౌటర్లు, వైఫై, మోడెమ్‌ల వేగాలను దాదాపు ఎల్లప్పుడూ బిట్లలో చెబుతారు. ఫైలు పరిమాణాలు, డౌన్‌లోడ్ ప్రోగ్రాములు చూపే వేగాలు, డిస్కుల వేగాలు సాధారణంగా బైట్లలో ఉంటాయి. అయితే ఇది అలవాటే తప్ప నియమం కాదు. లినక్స్‌లో వేగాన్ని పరిమితం చేయడానికి వాడే టీసీ అనే ఆదేశమే దీనికి గట్టి ఉదాహరణ: అందులో ఎంబిట్ అని రాస్తే సెకనుకు మెగాబిట్లు, ఎంబీపీఎస్ అని రాస్తే సెకనుకు మెగాబైట్లు. లోకమంతా వాడే అర్థంలో 10 ఎంబీపీఎస్ అని అందులో రాసినవారికి నిజానికి 80 మెగాబిట్ల పరిమితి అమలవుతుంది, ఆదేశం ఏ హెచ్చరికా ఇవ్వదు.

రెండో దశ: వెయ్యా, 1024ఆ తేల్చుకోవడం

నెట్‌వర్క్ వేగాల విషయంలో ఈ ప్రశ్నకు జవాబు ఒక్కటే: వెయ్యి. 10 ఎంబీపీఎస్ ఈథర్‌నెట్ అంటే సెకనుకు సరిగ్గా 1,00,00,000 బిట్లు. 1 జీబీపీఎస్ అంటే సరిగ్గా 100 కోట్ల బిట్లు. వాటిని 1024తో గుణించే సందర్భమే రాదు.

1024 లెక్క కంప్యూటర్ మెమొరీ నుంచి వచ్చింది. మెమొరీ చిరునామాలు రెండు యొక్క ఘాతాలుగా పెరుగుతాయి కాబట్టి, 2 యొక్క పదో ఘాతమైన 1024ను వెయ్యికి దగ్గరగా ఉందని కిలో అనడం అలవాటైంది. ఈ గందరగోళాన్ని తొలగించడానికి అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ 1998లో కిబీ, మెబీ, గిబీ, టెబీ అనే వేరే పూర్వపదాలను ఆమోదించింది. దాని ప్రకారం కిలోబైట్ అంటే 1000 బైట్లు, కిబీబైట్ అంటే 1024 బైట్లు. మెబీబైట్ అంటే 10,48,576 బైట్లు, గిబీబైట్ అంటే 107,37,41,824 బైట్లు. లినక్స్ సాధనాల్లో చాలావరకు ఈ పేర్లు చేరాయి. విండోస్ మాత్రం 1024 ప్రకారమే లెక్కించి పక్కన కేబీ, ఎంబీ, జీబీ అనే పాత గుర్తులే చూపిస్తుంది. యాపిల్ తన మ్యాక్ కంప్యూటర్లలో 2009లో వచ్చిన స్నో లెపర్డ్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ నుంచి ఫైలు పరిమాణాలను వెయ్యి ప్రకారం చూపడం మొదలుపెట్టింది. డిస్కుల తయారీదారులు కూడా వెయ్యి ప్రకారమే లెక్కిస్తారు. ఒక టెరాబైట్ డిస్కు విండోస్‌లో 931 జీబీగా కనిపించడానికి కారణం ఇదే.

రెండు లెక్కల మధ్య తేడా కిలో స్థాయిలో 2.4 శాతం, మెగా స్థాయిలో 4.9 శాతం, గిగా స్థాయిలో 7.4 శాతం, టెరా స్థాయిలో దాదాపు 10 శాతం. పాత మోడెమ్‌ల కాలంలో ఎవరూ పట్టించుకోని తేడా ఇప్పుడు లెక్కలోకి తీసుకోక తప్పనిదైంది.

ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. టెలిఫోన్ రంగం నుంచి వచ్చిన ఈ1 లైను వేగం 2.048 ఎంబీపీఎస్. ఆ సంఖ్యను చూడగానే 1024 గుర్తుకు వచ్చి, ఇది 2 మెబీబిట్లు కాబోలు అనిపిస్తుంది. కాదు. ఫోను మాటను సెకనుకు 8000 సార్లు, ఒక్కోసారి 8 బిట్లతో నమోదు చేస్తే 64,000 బిట్లు అవుతాయి. అటువంటి 32 విభాగాలు కలిస్తే 20,48,000 బిట్లు. పూర్తిగా వెయ్యి లెక్కే. అమెరికాలో వాడే టీ1 లైనులో 24 విభాగాలు ఉంటాయి. వాటికి ఫ్రేముల (విభాగాలన్నీ ఒక్కో విడత చేరిన డేటా కట్టల) హద్దులను గుర్తించడానికి 8000 బిట్లు కలిపితే 15,44,000 బిట్లు, అంటే 1.544 ఎంబీపీఎస్ వస్తుంది.

మూడో దశ: బిట్లకు దిగి, అక్కడి నుంచి ఎక్కడం

ఏ కొలమానం నుంచి ఏ కొలమానానికైనా నేరుగా దూకే సూత్రాలను కంఠస్థం చేయడం కంటే, మొదట సెకనుకు ఎన్ని బిట్లో తేల్చుకుని, ఆ తర్వాత కావలసిన కొలమానంలోకి వెళ్లడం క్షేమం. దశ ఒకటి పెరిగినా పొరపాటు ఎక్కడ జరిగిందో వెంటనే కనిపిస్తుంది. లక్షలు, కోట్లలో ఆలోచించే మనకు ఇది సులువు కూడా: 1 ఎంబీపీఎస్ అంటే పది లక్షల బిట్లు, 100 ఎంబీపీఎస్ అంటే పది కోట్ల బిట్లు.

100 ఎంబీపీఎస్‌ను తీసుకుందాం.

10,00,00,000 బిట్లు ÷ 8 = 1,25,00,000 బైట్లు
1,25,00,000 ÷ 10,00,000 = సెకనుకు 12.5 మెగాబైట్లు
1,25,00,000 ÷ 10,48,576 = సెకనుకు 11.92 మెబీబైట్లు

ఈ పద్ధతి అలవాటయ్యాక కొన్ని అడ్డదారులు వాటంతటవే మనసులో నిలుస్తాయి. ఎంబీపీఎస్‌ను మెగాబైట్లలోకి మార్చడానికి 8తో, మెబీబైట్లలోకి మార్చడానికి 8.39తో భాగించాలి. ఒక మెబీబైట్‌లో 83,88,608 బిట్లు ఉండటమే ఆ రెండో సంఖ్యకు మూలం. తిరుగుదారిలో అవే సంఖ్యలతో గుణించాలి. పదితో భాగించేస్తే నిజంగా అందే వేగం సుమారుగా వస్తుందని కొందరు చెబుతారు; నోటిలెక్కకు అది చాలు, కాని దాన్ని ఎవరికీ లిఖితపూర్వకంగా ఇవ్వకూడదు.

పరిమాణం, వేగం రెండూ కలిసినప్పుడు అసలు పరీక్ష ఎదురవుతుంది. ఒక పొర ఉన్న డీవీడీ సామర్థ్యం 4.7 గిగాబైట్లు, అంటే 470 కోట్ల బైట్లు. దానిని 100 ఎంబీపీఎస్ లైనులో పంపడానికి ఎంత సమయం పడుతుంది? 470 కోట్లను 8తో గుణిస్తే 3,760 కోట్ల బిట్లు. వాటిని 10 కోట్లతో భాగిస్తే 376 సెకన్లు, అంటే 6 నిమిషాల 16 సెకన్లు. అదే డీవీడీ విండోస్‌లో సుమారు 4.38 జీబీగా కనిపిస్తుంది. ఆ సంఖ్యను వెయ్యి లెక్కలోనిదిగా భావించి భాగిస్తే 350 సెకన్లే వస్తాయి; 26 సెకన్లు తప్పిపోయాయి. తప్పిపోయిన ఆ 7 శాతం గిగాబైట్‌కూ గిబీబైట్‌కూ మధ్య ఉన్న తేడాయే.

లెక్కలోని ప్రతి వరుసలోనూ సంఖ్య పక్కన కొలమానం రాయడం మానకూడదు. బిట్లను బైట్లతో భాగించిన వరుస కాగితం మీద ఉంటే కన్ను పట్టేస్తుంది. మనసులో జరిగితే పట్టదు.

నాలుగో దశ: ఎక్కడ కొలిచారో తెలుసుకోవడం

ఇప్పుడు 941 ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. కొలమానం మారకుండానే సంఖ్య తగ్గడానికి కారణం మధ్యలో చేరే అదనపు బైట్లు. ఈథర్‌నెట్‌లో డేటా ఫ్రేములనే చిన్న కట్టలుగా పోతుంది. మామూలు ఫ్రేమ్ ఒక్కొక్కటి గరిష్ఠంగా 1500 బైట్ల భారాన్ని మోస్తుంది. దాని ముందు 14 బైట్ల హెడర్ (చిరునామాల వంటి వివరాలు), చివర 4 బైట్ల తనిఖీ సంఖ్య ఉంటాయి. తీగ మీద ఫ్రేమ్ మొదలయ్యే ముందు సంకేతంగా 8 బైట్లు, రెండు ఫ్రేముల మధ్య విరామంగా 12 బైట్ల కాలం పోతాయి. మొత్తం 1538. మరోవైపు ఆ 1500 బైట్లలోనూ గమ్యానికి దారి చూపే ఐపీ నియమావళి హెడర్‌కు 20, డేటా పూర్తిగా, వరుసగా చేరేలా చూసే టీసీపీ నియమావళి హెడర్‌కు 20, టీసీపీ టైమ్‌స్టాంపులు (సమయ ముద్రలు) వాడుకలో ఉంటే వాటికి 12 పోగా, మన ఫైలుకు దక్కేవి 1448 బైట్లు.

1448 ÷ 1538 = 0.9415

1000 ఎంబీపీఎస్‌ను దీనితో గుణిస్తే 941 ఎంబీపీఎస్ వస్తుంది. 8తో భాగిస్తే సెకనుకు 117.7 మెగాబైట్లు, 8.39తో భాగిస్తే 112.2 మెబీబైట్లు. మొదట్లో చెప్పిన నాలుగు సంఖ్యలూ ఇవే. 941 కనిపించిన గిగాబిట్ లైనులో వెతకడానికి లోపమేమీ లేదు. ఈ ఫ్రేములతో, టైమ్‌స్టాంపులు ఉన్నప్పుడు టీసీపీ ద్వారా అంతకుమించి రాదు. టైమ్‌స్టాంపులు లేకపోతే 1460 బైట్లు దక్కి 949 వరకు వస్తుంది. ఇదే నిష్పత్తిని పై డీవీడీ లెక్కకు వర్తింపజేస్తే 376 సెకన్లు 399 అవుతాయి.

వైఫై సంగతి వేరు. అక్కడ తెర మీద కనిపించే లింక్ వేగం గాలిలో సంకేతం పోయే వేగం మాత్రమే. ఒకే చానల్‌ను అందరూ వంతులవారీగా పంచుకోవడం, ప్రతి పంపకానికీ రసీదు రావడం వంటి కారణాల వల్ల ప్రోగ్రాముకు అందేది దానికంటే బాగా తక్కువ. కాబట్టి దానికి 0.94 వంటి స్థిరమైన నిష్పత్తి ఉండదు, కొలిచి చూసుకోవలసిందే.

వేగం కొలిచే సాధనాల్లో ఎక్కువగా వాడే ఐపెర్ఫ్3 ఇచ్చే ఫలితాన్ని కాస్త దగ్గరగా పరిశీలించడం మంచిది. పది సెకన్ల పరీక్ష చివర అది ఒకే వరుసలో 1.10 గిగాబైట్లు అని, 941 ఎంబీపీఎస్ అని చూపుతుంది. 1.10ను 8తో గుణించి పదితో భాగిస్తే 880 ఎంబీపీఎస్ వస్తుంది, 941 కాదు. సాధనం లెక్క తప్పలేదు: అది బైట్లను 1024 ప్రకారం, బిట్లను వెయ్యి ప్రకారం చూపుతుంది. 1.10 నిజానికి 1.0955 గిబీబైట్లకు సవరించిన విలువ. 1.0955ను 107,37,41,824తో గుణిస్తే దాదాపు 117.6 కోట్ల బైట్లు, 8తో గుణిస్తే 941 కోట్ల బిట్లు, పది సెకన్లతో భాగిస్తే 94.1 కోట్లు. ఒకే వరుసలో రెండు పద్ధతులు పక్కపక్కన కూర్చున్న ఈ ఉదాహరణ అర్థమైతే మిగతా సాధనాలు భయపెట్టవు.

సంకేతీకరణలో పోయే బిట్లు, బాడ్

కొన్ని చోట్ల 8తో భాగిస్తే తప్పు జవాబు వస్తుంది. సాటా డిస్కు అనుసంధానం వేగం 6 జీబీపీఎస్ అంటారు. 8తో భాగిస్తే 750 మెగాబైట్లు రావాలి, కాని గరిష్ఠంగా వచ్చేది 600. తీగ మీద ప్రతి 8 బిట్ల డేటాకు బదులు 10 బిట్లు పంపే సంకేతీకరణ అందులో ఉంది కాబట్టి, ఇక్కడ పదితో భాగించాలి. యూఎస్‌బీ 3.0లోని 5 జీబీపీఎస్ కూడా ఇలాగే 500 మెగాబైట్లు అవుతుంది. ఈథర్‌నెట్‌లో ఈ తిరకాసు లేదు. ఫైబర్ మీద నడిచే గిగాబిట్ ఈథర్‌నెట్ అదే సంకేతీకరణను వాడినా, తీగ మీద 1.25 జీబీపీఎస్ పంపి, మనకు మాత్రం సంకేతీకరణ తర్వాత మిగిలే 1 జీబీపీఎస్‌నే వేగంగా ప్రకటిస్తుంది. అంటే ఈథర్‌నెట్ పేరులోని సంఖ్య కోత తర్వాతది, సాటా, యూఎస్‌బీ 3.0 సంఖ్యలు కోతకు ముందువి. వీటిని పక్కపక్కన పెట్టి పోల్చే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

బాడ్ అనేది వేగానికి మరో పేరు కాదు. సెకనుకు ఎన్ని సంకేతాలు మారుతున్నాయో అది చెబుతుంది, ఒక్కో సంకేతం ఒకటికి మించిన బిట్లను మోయవచ్చు. రాగి తీగల గిగాబిట్ ఈథర్‌నెట్‌లో నాలుగు జతల మీద ఒక్కోదానిలో సెకనుకు 12.5 కోట్ల సంకేతాలు పోతాయి, ఒక్కో సంకేతం 2 బిట్ల డేటాను మోస్తుంది: 4 × 2 × 12.5 కోట్లు = 100 కోట్లు. పరికరాల సీరియల్ పోర్టులలో ఒక సంకేతానికి ఒకే బిట్ ఉన్నా, ప్రతి 8 బిట్ల బైటుకు ఆరంభ బిట్, ముగింపు బిట్ చేరి పది అవుతాయి. కాబట్టి 9600 బాడ్ అంటే సెకనుకు 960 బైట్లు, 1,15,200 బాడ్ అంటే 11,520 బైట్లు.

రోజులు, నెలలు, లెక్కింపు మీటర్లు

వేగం నుంచి నెల మొత్తం వాడకానికి వెళ్లాలంటే రోజుకు 86,400 సెకన్లని గుర్తుంటే చాలు. 1 ఎంబీపీఎస్ వేగంతో ఆగకుండా ఒక రోజు పంపితే 8,640 కోట్ల బిట్లు, అంటే 10.8 గిగాబైట్లు; 30 రోజులకు 324 గిగాబైట్లు. తిరుగుదారిలో, 30 రోజులకు ఒక టెరాబైట్ వాడితే సగటు వేగం 3.09 ఎంబీపీఎస్. సగటు అనే మాట ముఖ్యం. రద్దీ సమయంలో లైను ఎంత వేగాన్ని మోయవలసి వచ్చిందో ఈ సంఖ్య చెప్పదు.

రౌటర్లు, స్విచ్‌లు తమ ద్వారా పోయిన డేటాను వేగంగా కాక మొత్తం ఆక్టెట్ల లెక్కగా ఉంచుతాయి. నెట్‌వర్క్ పరికరాల వివరాలను దూరం నుంచి అడిగి తెలుసుకునే ఎస్‌ఎన్‌ఎంపీ అనే పద్ధతి ద్వారా ఆ లెక్కను రెండు సార్లు చదివి, తేడాను 8తో గుణించి, మధ్య గడిచిన సెకన్లతో భాగించాలి. 32 బిట్ల లెక్కింపు 4,29,49,67,296 దగ్గర మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. మొదటి సారి 410,00,00,000, అయిదు నిమిషాల తర్వాత 5,50,32,704 కనిపించిందనుకుందాం. రెండోది చిన్నది కాబట్టి దానికి 4,29,49,67,296 కలిపి తీసివేస్తే 25 కోట్ల బైట్లు వస్తాయి. 8తో గుణిస్తే 200 కోట్ల బిట్లు. 300 సెకన్లతో భాగిస్తే 6.67 ఎంబీపీఎస్. ఈ సవరణ మధ్యలో ఒక్కసారే సున్నాకు తిరిగిందన్న నమ్మకం మీద నిలిచి ఉంది. పూర్తి వేగంతో నడిచే గిగాబిట్ లైనులో ఆ లెక్కింపు 34 సెకన్లకొకసారి సున్నాకు వస్తుంది కాబట్టి అయిదు నిమిషాలకొకసారి చదివితే వచ్చే జవాబుకు అర్థమే లేదు. అటువంటి చోట 64 బిట్ల లెక్కింపునే చదవాలి.

ఆలస్యం కలిసినప్పుడు

చివరి మార్పిడి వేగాన్ని పరిమాణంగా మార్చేది. పంపిన డేటాకు రసీదు తిరిగి రావడానికి 40 మిల్లీసెకన్లు పట్టే 1 జీబీపీఎస్ లైనులో, ఆ వ్యవధిలో దారిలో ఉండగలిగే డేటా 100 కోట్లు × 0.04 = 4 కోట్ల బిట్లు, అంటే 5 మెగాబైట్లు. లైను నిండుగా ఉండాలంటే టీసీపీ విండో (రసీదు రాకముందే పంపగలిగే డేటా పరిమాణం) కనీసం అంత ఉండాలి. విండో స్కేలింగ్ (ఆ హద్దును పెంచే సదుపాయం) లేని టీసీపీలో గరిష్ఠ విండో 65,535 బైట్లు. దాన్ని 8తో గుణిస్తే 5,24,280 బిట్లు, 0.04తో భాగిస్తే 13.1 ఎంబీపీఎస్. అవతల ఎంత పెద్ద లైను ఉన్నా ఒక్క కనెక్షన్‌కు అంతకంటే రాదు. వేగ పరీక్షలో ఈ సంఖ్య దరిదాపుల్లో ఫలితం వచ్చి, అదే లైనులో ఒకేసారి పది కనెక్షన్లు తెరిస్తే మొత్తం పది రెట్లు అవుతుంటే, తప్పు లైనుది కాదు. రెండు చివర్లలోని విండో అమరికలను చూడాలి.